పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: న్యూయార్క్ సిటీ కౌన్సిల్ నిధులు, మన సంఘాలు

ఈ శీర్షికకు న్యూయార్క్ నగరం నుంచి, ముఖ్యంగా క్వీన్స్ నుంచి వచ్చే ఉత్తరాల్లో ఒక విషయం పదేపదే కనిపిస్తోంది. సిటీ కౌన్సిల్ సభ్యులు తమ విచక్షణ మేరకు స్థానిక స్వచ్ఛంద సంఘాలకు కేటాయించే నిధుల గురించి తెలుగు సంఘాల వారు అడుగుతున్నారు. ఎవరికి ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, ఇచ్చాక ఏం అడుగుతారు అన్నవే ఆ ప్రశ్నలు. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయించాం. ఒకే అర్థం వచ్చే ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపాం. గడువు తేదీలూ ఫారాలూ ఏటా కొంత మారుతుంటాయి కనుక, దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏటి నిబంధనలను కౌన్సిల్ వెబ్‌సైటులో ఒకసారి చదువుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: మా ఉగాది సభకు వచ్చిన కౌన్సిల్ మెంబర్ గారు వేదిక మీదే మా సంఘానికి ఐదు వేల డాలర్లు ఇప్పిస్తానని ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. మూడు నెలలైంది, చెక్కు రాలేదు. ఆయన ఆఫీసుకు ఫోన్ చేస్తే ‘దరఖాస్తు పెట్టారా?’ అని అడుగుతున్నారు. మాట ఇచ్చాక మళ్లీ దరఖాస్తు ఏమిటి?
– ఒక సంఘ అధ్యక్షుడు, ఫ్లషింగ్

జవాబు: ఆయన మాట తప్పారని మీరు అనుకోనక్కర లేదు. ఇక్కడ సభ్యుడి చేతిలో చెక్కుబుక్కు ఉండదు. నగర బడ్జెట్‌లో తన వాటాగా వచ్చిన మొత్తంలో ఫలానా సంస్థకు ఇంత అని పేరు సూచించే అధికారం మాత్రమే ఆయనకు ఉంటుంది. ‘విచక్షణ’ అనే మాట వర్తించేది ఆ ఎంపిక వరకే. పేరు జాబితాలోకి ఎక్కిన మరుక్షణం నుంచి అది ప్రజాధనం, మీరు నగరానికి ఒక సేవ అందించే కాంట్రాక్టరు. మన సంఘాల వారు దీన్ని పెద్దమనిషి ఇచ్చే చందాగా భావించడం వల్లనే సగం చిక్కులు వస్తున్నాయని నా అభిప్రాయం.

క్రమం ఇలా ఉంటుంది. నగరపు ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలై మరుసటి ఏడాది జూన్ 30తో ముగుస్తుంది. రాబోయే సంవత్సరపు నిధుల కోసం కౌన్సిల్ ఆన్‌లైన్ దరఖాస్తులను సాధారణంగా చలికాలంలోనే తీసుకుంటుంది, ఫిబ్రవరి దాటితే చాలావరకు తలుపు మూసుకున్నట్టే. అంటే ఉగాది సభ నాటికే ఆ ఏటి గడువు అయిపోయి ఉంటుంది. మేయర్ జనవరిలో ప్రాథమిక బడ్జెట్, వసంతంలో సవరించిన బడ్జెట్ ప్రకటిస్తారు. కౌన్సిల్ విచారణలు, బేరసారాలు అన్నీ ముగిసి జూన్ నెలాఖరుకు బడ్జెట్ ఆమోదం పొందుతుంది. ఆ రోజున బడ్జెట్‌తో పాటు ‘షెడ్యూల్ సి’ అనే పెద్ద జాబితా వెలువడుతుంది. ఏ సంస్థకు, ఏ సభ్యుడి పేరు మీద, ఎంత, ఏ పనికి అన్నది అందులో ముద్రించి ఉంటుంది. మీ సంఘం పేరు అందులో ఉంటేనే ఆ సభలో వినిపించిన మాటకు విలువ వచ్చినట్టు. తర్వాత పేరు చేర్చాలన్నా, పని వివరణ మార్చాలన్నా కౌన్సిల్ సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేస్తారు. అదీ బహిరంగ పత్రమే.

ఇంత పట్టుదలకు ఒక చరిత్ర ఉంది. 2008 వసంతంలో ఒక సంగతి బయటపడింది. బడ్జెట్ ఆమోదం తర్వాత పంచుకునేందుకు వీలుగా కొంత సొమ్మును, అసలు ఉనికిలోనే లేని సంస్థల పేర్ల మీద కౌన్సిల్ ఏళ్ల తరబడి దాచి ఉంచింది. 2001 నుంచి లెక్కిస్తే ఆ మొత్తం సుమారు 1.7 కోట్ల డాలర్లు. దాని వెనుకే ఫెడరల్ దర్యాప్తులు వచ్చాయి, కొన్ని సంస్థల ద్వారా సొమ్ము సొంత జేబులకు మళ్లించుకున్న సభ్యులు తర్వాతి ఏళ్లలో జైలుకు వెళ్లారు. ఈ రోజు మీరు విసుక్కునే ఫారాలు, ధ్రువీకరణలు, సభ్యుడి ఎంపిక తర్వాత మేయర్ కాంట్రాక్టుల కార్యాలయం చేసే పరిశీలన చాలావరకు ఆ కుంభకోణం తర్వాత బిగించినవే. అప్పుడు తప్పు చేసింది పెద్దలు, ఇప్పుడు కాగితాలు నింపుతున్నది చిన్న సంఘాలు అన్న మీ బాధ అర్థం చేసుకోదగినదే.

మీరు ఇప్పుడు చేయవలసింది, ఆయన కార్యాలయంలో బడ్జెట్ వ్యవహారాలు చూసే ఉద్యోగిని కలిసి, వచ్చే దరఖాస్తు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుసుకుని, ఈలోపు సంఘం కాగితాలను సరిచేసుకోవడం. దరఖాస్తు ఏ ఏటికి ఆ ఏడే పెట్టుకోవాలి. నిరుడు వచ్చింది కనుక ఈ ఏడూ వస్తుందన్న హక్కు ఏదీ ఉండదు. పైగా కౌన్సిల్ సభ్యులు వరుసగా రెండు పదవీకాలాలకు మించి ఉండరాదన్న నియమం ఉంది కాబట్టి, ఒక్క మనిషి మీద ఆధారపడి సంఘం ఖర్చులను అల్లుకోకూడదు.

ప్రశ్న: పద్నాలుగేళ్లుగా మేము సంక్రాంతి, ఉగాది జరుపుతున్నాం. పిల్లలకు తెలుగు తరగతులు కూడా ఉన్నాయి. సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు ఖాతా ట్రెజరర్ గారి సొంత పేరు మీద ఉంది. ఇంత సేవ చేసినా మాకు అర్హత లేదా?
– ఒక తల్లి, తెలుగు బడి నిర్వాహకురాలు, జమైకా

జవాబు: ఇప్పటి స్థితిలో లేదు. సేవ ఎంత గొప్పదైనా, చట్టం దృష్టిలో మీ సంఘం ఇంకా పుట్టలేదు. కాంట్రాక్టు మీద సంతకం చేయాలంటే ఒక చట్టబద్ధమైన సంస్థ ఉండాలి. పైగా ట్రెజరర్ గారి సొంత ఖాతాలో సంఘం డబ్బు ఉండటం ఆయనకే ప్రమాదం. అది ఆయన ఆదాయమా, సంఘానిదా అని ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. గ్రాంట్ వచ్చినా రాకపోయినా దీన్ని ఈ నెలలోనే మార్చండి.

వేసుకోవలసిన మెట్లలో మొదటిది, న్యూయార్క్ రాష్ట్ర చట్టం కింద లాభాపేక్ష లేని కార్పొరేషన్‌గా నమోదు కావడం. దానికి కనీసం ముగ్గురు డైరెక్టర్లు కావాలి. 2014 జులైలో అమలులోకి వచ్చిన రాష్ట్ర సంస్కరణల చట్టం ప్రకారం ప్రయోజనాల సంఘర్షణపై, అంటే బోర్డు సభ్యుడి సొంత లాభమూ సంఘం మేలూ ఢీకొన్నప్పుడు ఏం చేయాలన్నదానిపై, లిఖితపూర్వక విధానం కూడా ఉండాలి. తర్వాత ఫెడరల్ పన్ను శాఖ నుంచి ‘ఎంప్లాయర్ ఐడెంటిఫికేషన్ నంబర్’ (ఇఐఎన్) అనే గుర్తింపు సంఖ్య తీసుకుని, ఆ సంఖ్య మీద సంఘం పేరుతో బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ తర్వాత 501(సి)(3) పన్ను మినహాయింపుకు దరఖాస్తు. నమోదు వేరు, పన్ను మినహాయింపు వేరు. మొదటిది రాష్ట్రం ఇస్తుంది, రెండవది ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది. చాలామంది ఒకటి రాగానే రెండూ వచ్చాయనుకుంటారు. ఏటా 50,000 డాలర్ల లోపు రాబడి, 2,50,000 డాలర్ల లోపు ఆస్తులు ఉండే చిన్న సంఘాలకు 1023-ఇజెడ్ అనే చిన్న దరఖాస్తు ఉంది. దానికి రుసుము 275 డాలర్లు. లాయరు అవసరం లేకుండానే జాగ్రత్తపరులైన వారు దీన్ని నింపుకోగలరు.

మన సంఘాలు ఎక్కువగా జారిపడే మెట్టు రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలోని ఛారిటీస్ బ్యూరో దగ్గర ఉంది. అక్కడ నమోదై, ఏటా చార్ 500 అనే నివేదిక దాఖలు చేస్తూ ఉండాలి. ఆ నమోదు నుంచి మినహాయింపు వర్తించే సంస్థలైతే ఆ మినహాయింపును చూపించాలి. సంఘం లెక్కల సంవత్సరం ముగిసిన నాలుగున్నర నెలలకు గడువు. క్యాలెండర్ సంవత్సరం పాటించేవారికి అది మే 15. ఫెడరల్ వైపు చూస్తే, రాబడి సాధారణంగా 50,000 డాలర్లకు మించని సంఘం 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ కార్డు పంపితే చాలు, పది నిమిషాల పని. కానీ వరుసగా మూడేళ్లు అది పంపకపోతే పన్ను మినహాయింపు దానంతట అదే రద్దవుతుంది. ఎవరూ ముందు వచ్చి తలుపు తట్టరు. మన దగ్గర కార్యవర్గం మారినప్పుడల్లా పాస్‌వర్డులు పాత ట్రెజరర్‌తోనే వెళ్లిపోతాయి. కొత్త ట్రెజరర్‌కు ఆ కార్డు సంగతే తెలియదు, మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. సంఘం ఈమెయిలు, పాస్‌వర్డులు, దాఖలు చేసిన ఫారాల నకళ్లు వ్యక్తుల దగ్గర కాకుండా సంఘం పేరిట ఒకచోట ఉంచమని ప్రతి సంఘానికీ చెబుతుంటాను.

ఒక సంస్థకు ఆ ఏడు అన్ని కేటాయింపులూ కలిపి 10,000 డాలర్లు దాటితే మరో మెట్టు ఉంటుంది. నగరపు కొనుగోళ్ల ఆన్‌లైన్ వ్యవస్థ ‘పాస్‌పోర్ట్’లో ముందస్తు అర్హత పొందాలి. బోర్డు వివరాలు, లెక్కలు, గత అనుభవం చూసి ఇచ్చే అర్హత అది. చిన్న మొత్తంతో మొదలుపెట్టడం కొత్త సంఘాలకు మేలని నేననేది ఇందుకే.

ఈ మెట్లన్నీ ఎక్కేలోపు రెండు దారులు ఉన్నాయి. అర్హత ఉన్న మరో లాభాపేక్ష లేని సంస్థ మీ తరఫున నిధిని స్వీకరించి, లెక్క తానే చెప్పే ఏర్పాటు ఒకటి. ఆ సంస్థ పేరు దరఖాస్తులోనే స్పష్టంగా ఉండాలి, బాధ్యత కూడా దానిదే అవుతుంది కనుక ఊరికే ఎవరూ ఒప్పుకోరు. రెండవది, 1975లో మొదలైన సిటిజన్స్ కమిటీ ఫర్ న్యూయార్క్ సిటీ. స్థానిక నివాసులు తామే నడిపే, రిజిస్ట్రేషన్ కూడా లేని బృందాలకు ఇది చిన్న గ్రాంట్లు ఇస్తుంది. మీ తెలుగు బడి వారాంతపు కార్యక్రమానికి మొదటి ఏడు అదే తగిన చోటు కావచ్చు.

ప్రశ్న: వినాయక చవితి ఉత్సవం, బతుకమ్మ, గుడి హాలులో నడిచే తెలుగు తరగతులు, వీటిలో దేనికి ఈ నిధి అడగవచ్చు? దేవుడి పేరు వస్తే ఇవ్వరంటున్నారు.
– ఒక పాఠకురాలు, క్వీన్స్

జవాబు: దేవుడి పేరు రాగానే తిరస్కరించరు. పూజకు, మతబోధకు, మతప్రచారానికి ప్రజాధనం వాడకూడదన్నదే నియమం. కనుక సంస్థ ఎవరిది అని చూడటం కన్నా, ఖర్చయ్యే పని ఏమిటి అని చూడాలి. గుడికి అనుబంధంగా ఉన్న సంస్థ అయినా వృద్ధుల భోజనానికో, ఇంగ్లిష్ తరగతులకో నిధి అడగవచ్చు. గుడితో ఏ సంబంధమూ లేని సంఘమైనా పూజారి సంభావనకు అడగరాదు.

మీరు చెప్పిన మూడింటిని ఈ కొలతతో చూద్దాం. తెలుగు తరగతులు గుడి హాలులో జరిగినా చిక్కు లేదు. అయితే పాఠం భాష గురించే ఉండాలి, గుడి సభ్యుల పిల్లలకే పరిమితం కాకుండా ఎవరైనా చేరగలిగేలా ప్రకటించాలి. వినాయక చవితికి విగ్రహ ప్రతిష్ఠ, పూజ, ప్రసాదం ఈ పద్దులోకి రావు. అదే రోజు సాయంత్రం కూచిపూడి ప్రదర్శన పెట్టి, అందరికీ ప్రవేశం ఇచ్చి, దాని ఖర్చును విడిగా చూపిస్తే అది సంస్కృతి పద్దు. బతుకమ్మ దగ్గర ఆలోచించాలి, ఎందుకంటే అది గౌరమ్మ ఆరాధన, పూల పండుగ, ఆడవాళ్ల పాట మూడూ కలిసినది. మనకు ఆ మూడింటినీ విడదీయడం ఇబ్బందిగానే ఉంటుంది. కానీ కాంట్రాక్టులో రాయాల్సి వచ్చినప్పుడు పాట, ఆట, పూల అలంకరణ నేర్పించే శిబిరం, పార్కులో అందరితో కలిసి ఆడటం, ఇవి నిధి కింద రాయండి. గౌరమ్మ పూజకయ్యే ఖర్చు సంఘం సొంత చందాల నుంచి పెట్టండి. రెండింటి రసీదులు కలవకూడదు.

కౌన్సిల్ వలస సముదాయాల సంస్కృతి కోసమే ‘కల్చరల్ ఇమ్మిగ్రెంట్ ఇనిషియేటివ్’ అనే పద్దును నిర్వహిస్తోంది. అందులో కేటాయించినవి నగర సాంస్కృతిక వ్యవహారాల శాఖ ద్వారా నడుస్తాయి. పాఠశాలల్లో బడి వేళల తర్వాత కళలు నేర్పే పద్దు, వృద్ధుల కేంద్రాల్లో కళాకారులను ఉంచే పద్దు కూడా ఉన్నాయి. యువజన కార్యక్రమాలూ, స్థానిక సామాజిక సేవలూ చాలావరకు యువజన, సముదాయ అభివృద్ధి శాఖ కిందికి వస్తాయి. దరఖాస్తులో మీ పనిని సరైన పద్దు కింద రాయకపోతే, సభ్యుడికి ఇష్టం ఉన్నా ఆ పేరు తప్పు శాఖకు వెళ్లి నెలలు కరిగిపోతాయి.

‘అందరికీ ప్రవేశం’ అన్న మాటను తేలికగా తీసుకోవద్దు. తెలుగులో మాత్రమే కరపత్రం వేసి, సభ్యత్వ కార్డు ఉన్నవారికే భోజనం పెట్టి, ‘మేము ఎవరినీ రావద్దనలేదే’ అంటే పరిశీలకుడు ఒప్పుకోడు.

ప్రశ్న: మా సంఘం చిరునామా ఫ్లోరల్ పార్క్. సభ్యుల్లో సగం మంది క్వీన్స్ వారు, మిగతా సగం హిక్స్‌విల్ వైపు. మాకు ఏ కౌన్సిల్ మెంబర్?
– ఒక కార్యదర్శి

జవాబు: ఫ్లోరల్ పార్క్ అనే పేరు సరిహద్దుకు అటూ ఇటూ ఉంది. క్వీన్స్‌లో ఉన్న పేట నగరం లోపలిది. అదే పేరుతో పక్కనే ఉన్న గ్రామం నాసౌ కౌంటీది, దానికి సిటీ కౌన్సిల్‌తో సంబంధం లేదు. మీ సంఘం చిరునామాను కౌన్సిల్ వెబ్‌సైటులో కొట్టి చూస్తే 51 జిల్లాల్లో ఏది మీదో, లేక ఏదీ కాదో వెంటనే తెలుస్తుంది. కమ్యూనిటీ బోర్డు హద్దులు వేరు, అవి 59. రెండింటినీ కలిపి గందరగోళపడకండి.

నగరపు సొమ్ముతో జరిగే పని నగరవాసులకు మేలు చేయాలి. నాసౌలోని హిక్స్‌విల్ హాలులో జరిగే కార్యక్రమానికి క్వీన్స్ సభ్యులు బస్సులో వస్తారన్న వాదన నిలబడదు. కార్యక్రమాన్ని క్వీన్స్ లైబ్రరీలోనో, బడిలోనో పెట్టండి. నాసౌ వారు అతిథులుగా రావచ్చు.

ప్రశ్న: మా పేరు షెడ్యూల్ సిలో వచ్చింది. డబ్బు ఎప్పుడు వస్తుంది? ముందు మేమే ఖర్చు పెట్టుకోవాలంటున్నారు. చిన్న సంఘం, ఎక్కడి నుంచి తేవాలి?
– ఒక ట్రెజరర్, ఎల్మ్‌హర్స్ట్

జవాబు: ఈ శీర్షికకు వచ్చిన అన్ని ఉత్తరాల్లోనూ నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. నగర వ్యవస్థలో నిజంగా తప్పు ఉన్నది ఇక్కడేనని కూడా నేను అనుకుంటున్నాను.

పేరు వచ్చాక జరిగేది చెబుతాను. మీ నమోదు, గుర్తింపు సంఖ్య, ఛారిటీస్ బ్యూరో దాఖలాలు, ప్రయోజన సంఘర్షణ ప్రకటనలు అన్నీ సరిపోయాయో లేదో మేయర్ కాంట్రాక్టుల కార్యాలయం చూసి అనుమతి ఇస్తుంది. తర్వాత సంబంధిత శాఖ మీతో మాట్లాడి, ఏ పని, ఎన్ని సెషన్లు, ఎంతమందికి, ఏ ఖర్చుకు ఎంత అన్న పని వివరణ, బడ్జెట్ రాయిస్తుంది. బీమా పత్రాలు అడుగుతుంది. కాంట్రాక్టు సంతకాలు అయ్యాక నగర లెక్కలు చూసే కంప్ట్రోలర్ కార్యాలయానికి నమోదు కోసం వెళుతుంది. అక్కడ 30 రోజుల గడువు ఉంది, నగర పాలనకు మూల చట్టమైన చార్టర్ చెప్పినది అది. ఆ ముందున్న అంచెలకు అంత కచ్చితమైన గడువు లేకపోవడమే అసలు ఆలస్యానికి కారణం. నమోదు అయ్యాకే మీరు రసీదులతో బిల్లు పెడతారు, దాని మీద డబ్బు వస్తుంది. జులై నుంచి మీరు చేసిన పనికి, కాంట్రాక్టు తర్వాత నమోదైనా, చెల్లింపు ఉంటుంది. కానీ నమోదు కాకపోతే ఆ ఖర్చు మీదే.

కనుక మొదటి ఏడాది సంఘం దగ్గర ఉన్న నిల్వకు మించి ఆ నిధి పేరు మీద అప్పులు చేయకండి. కార్యక్రమాన్ని జులైలో కాకుండా జనవరి నుంచి జూన్ మధ్యలో పెట్టుకుంటే, కాగితం ముందుకు కదిలేందుకు సమయం దొరుకుతుంది. అయితే జూన్ 30 దాటిన ఖర్చు ఆ ఏటి లెక్కలోకి రాదు. కాంట్రాక్టు ఖాయమై నమోదు మాత్రమే ఆలస్యమవుతున్న సంస్థలకు నగరం తరఫున వడ్డీ లేని అప్పు ఇచ్చే ‘రిటర్నబుల్ గ్రాంట్ ఫండ్’ ఉంది, ఫండ్ ఫర్ ది సిటీ ఆఫ్ న్యూయార్క్ దాన్ని నిర్వహిస్తుంది. మీ శాఖలోని కాంట్రాక్టు అధికారి ద్వారానే దానికి వెళ్లాలి. 2022లో మేయర్, కంప్ట్రోలర్ కలిసి వేసిన కార్యబృందం ఈ ఆలస్యాలను గట్టిగానే ఎత్తిచూపింది. ఒక్కో ఏటికి ఒక్కో కాంట్రాక్టు కాకుండా అనేక ఏళ్లకు ఒకే కాంట్రాక్టు ఉంచే పద్ధతి కూడా తర్వాత వచ్చింది. మీ శాఖలో అది వర్తిస్తుందేమో అడగండి.

లెక్కల విషయంలో ఒక్క మాట. మన ఇళ్లలో వంట చేసిన ఆవిడకు నగదు చేతిలో పెట్టి ‘ఉంచమ్మా’ అనడం అలవాటు. ఇక్కడ అలా ఇచ్చిన ప్రతి డాలరూ మీ జేబులోంచి పోయినట్టే. బోధకులకు చెక్కు, దుకాణానికి కార్డు, హాజరు పట్టిక మీద సంతకాలు, ఏ తేదీన ఏ తరగతి జరిగిందన్న నోటు, ఇవి మొదటి రోజు నుంచి పెట్టుకోవాలి. చివర్లో కూర్చుని ఆరు నెలల హాజరు రాయడం అబద్ధపు పత్రం అవుతుంది. ఎంత మంచి ఉద్దేశంతో రాసినా అది అబద్ధమే.

ప్రశ్న: మా ఉపాధ్యక్షురాలు కౌన్సిల్ మెంబర్ ఆఫీసులో పనిచేస్తారు. అధ్యక్షుడి గారిది రెస్టారెంటు, మా భోజనాలన్నీ అక్కడి నుంచే తక్కువ ధరకు వస్తాయి. ఇబ్బంది ఉంటుందా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: రెండూ ఇబ్బందే, రెండూ వేర్వేరు రకాలు. మొదటిది నగర ఉద్యోగుల ప్రయోజన సంఘర్షణ నియమాల కిందికి వస్తుంది, చార్టర్‌లో 68వ అధ్యాయం దీనికోసమే ఉంది. దరఖాస్తులో ఆ సంబంధాన్ని దాచకుండా రాయాలి. సభ్యుడు కూడా తన వైపు నుంచి ప్రకటించాలి. ఆమె ఈ విషయంలో తానుగా నిర్ణయం తీసుకోకుండా, నగర కాన్‌ఫ్లిక్ట్స్ ఆఫ్ ఇంటరెస్ట్ బోర్డును అడిగి లిఖితపూర్వక సలహా తీసుకోవాలి. ఆ సలహా వచ్చేవరకు ఆమె పేరుతో ఎలాంటి సంతకమూ వద్దు.

రెండవది రాష్ట్ర చట్టం కిందికి వస్తుంది. బోర్డు సభ్యుడి సొంత వ్యాపారం నుంచి సంఘం కొనడం నిషిద్ధం కాదు. అయితే ఆ సభ్యుడు తన ప్రయోజనాన్ని వెల్లడించాలి, చర్చలోనూ ఓటింగులోనూ పాల్గొనకూడదు. ఆ ధర సంఘానికి న్యాయమైనదని మిగతా స్వతంత్ర సభ్యులు నిర్ణయించి మినిట్స్‌లో రాయాలి. ఇతర చోట్ల ధరలు కూడా అడిగి ఆ కాగితాలు జత చేయండి. నిజంగా తక్కువకే వస్తోందంటే ఆ కాగితాలే అధ్యక్షుడి గారికి రక్షణ. ప్రజాధనంతో జరిగే కార్యక్రమానికి మాత్రం వేరే చోట కొనుక్కోవడమే సుఖమని నా సలహా.

ప్రశ్న: నిధి ఇప్పించిన సభ్యుడు ఈసారి పోటీలో ఉన్నారు. కృతజ్ఞతగా మా సభలో ఆయనకు మద్దతు ప్రకటించవచ్చా?

జవాబు: వద్దు. 501(సి)(3) సంస్థ ఎన్నికల్లో ఏ అభ్యర్థికీ మద్దతు గానీ వ్యతిరేకత గానీ చూపరాదని 1954 నుంచి ఫెడరల్ పన్ను చట్టంలో ఉంది. సభ్యుడిని అతిథిగా పిలిచి ధన్యవాదాలు చెప్పవచ్చు. ‘ఈయనకే ఓటు వేయండి’ అన్న మాట సంఘం వేదిక మీద రాకూడదు. మీరు వ్యక్తిగా ఆయన కోసం ప్రచారం చేసుకోవచ్చు.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో మా ఊరి బడికి బెంచీలు కొనడానికి ఈ డబ్బులో కొంత పంపవచ్చా?

జవాబు: పంపరాదు. ఇది న్యూయార్క్ నగరవాసుల సేవ కోసం మాత్రమే. ఊరి బడికి మీ సంఘం సొంత చందాలతో సాయం చేయవచ్చు. అయితే అక్కడ అందుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని వారి ఖాతాకే వెళ్లాలి.

ప్రశ్న: హైదరాబాదులో ఉంటూ మీ పత్రిక చదువుతుంటాను. మన ఎంపీ నిధుల వంటివేనా ఇవి?
– ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: పోలిక ఉంది, తేడా కూడా ఉంది. 1993 డిసెంబరులో మొదలైన పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం కింద ఏటా 5 కోట్ల రూపాయల మేరకు పనులను ఎంపీ సిఫారసు చేస్తారు. మంజూరు, అమలు జిల్లా యంత్రాంగం చేతిలో ఉంటాయి. ఇక్కడా సభ్యుడిది సిఫారసే. పూజా స్థలాల్లో పనులకు అక్కడా నిధి ఇవ్వరు. ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఎంపీ నిధి భవనం, రోడ్డు, బోరు వంటి శాశ్వత ఆస్తులకు వెళుతుంది. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న నిధిలో ఉపాధ్యాయుడి వేతనం, హాలు అద్దె, పుస్తకాల వంటి రోజువారీ ఖర్చులు వస్తాయి. న్యూయార్క్‌లోనూ భవనాలు, వాహనాలకు వేరే మూలధన నిధి ఉంది. దాని నిబంధనలు ఇంతకంటే కఠినం, చిన్న సంఘాలు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

ప్రశ్న: రెండేళ్లు వరుసగా దరఖాస్తు పెట్టాం, మా సభ్యుడు ఇవ్వలేదు. అప్పీలు ఉందా?
– ఒక పాఠకుడు, బెల్‌రోజ్

జవాబు: విచక్షణ అన్నాక అప్పీలు ఉండదు. కారణం చెప్పమని మర్యాదగా అడగవచ్చు, అంతే. గతంలో కౌన్సిల్ స్పీకర్‌కు దగ్గరైన సభ్యులకు ఎక్కువ, దూరమైన వారికి తక్కువ నిధులు దక్కేవి. 2014లో స్పీకర్ మెలిస్సా మార్క్-వివెరిటో హయాంలో సభ్యుల మధ్య పంపకానికి సూత్రం తెచ్చారు, పేదరికం ఎక్కువ ఉన్న జిల్లాలకు కొంత అదనం చేరింది. కనుక సభ్యుడి దగ్గర ఉన్నది పరిమితమైన మొత్తం, దాని కోసం వచ్చే సంఘాలు చాలా. ఆయన ఇవ్వకపోవడం మీపై కోపం అనుకోనక్కర లేదు.

అడగదగిన ఇతర తలుపులు ఉన్నాయి. అదే బరోలోని (క్వీన్స్ వంటి నగర విభాగంలోని) మరో సభ్యుడి జిల్లాలో మీ తరగతులు జరుగుతుంటే ఆయన్ను అడగవచ్చు. బరో ప్రెసిడెంట్ వద్ద కూడా చిన్న నిధి ఉంటుంది. సాంస్కృతిక వ్యవహారాల శాఖ నిపుణుల బృందంతో పోటీ పద్ధతిలో ఇచ్చే ‘కల్చరల్ డెవలప్‌మెంట్ ఫండ్’ ఉంది, అక్కడ పలుకుబడి కన్నా కార్యక్రమం నాణ్యత లెక్కలోకి వస్తుంది. మీ జిల్లాలో సభ్యుడు ప్రజా భాగస్వామ్య బడ్జెట్‌ను, అంటే కొంత సొమ్ము ఏ పనికి పెట్టాలో నివాసులే ఓటుతో తేల్చే ఏర్పాటును, నడుపుతుంటే, 2011లో నలుగురు సభ్యులతో మొదలైన ఆ పద్ధతిలో 11 ఏళ్లు నిండిన నివాసులంతా, పౌరసత్వం లేకపోయినా, ఓటు వేయవచ్చు. అది బడి, పార్కు, లైబ్రరీల వంటి కట్టడాలకే గనుక మీ తరగతులకు నేరుగా పనికి రాదు. కానీ మీ పిల్లలు చదివే బడికి కంప్యూటర్లు రావాలంటే ఆ ఓటు పనికొస్తుంది, మన వాళ్లు చాలామందికి ఆ ఓటు ఉన్నదనే తెలియదు.

మూడోసారి పెట్టేముందు మీ దరఖాస్తు తీసి ఒక ప్రశ్న వేసుకోండి: అందులో ‘తెలుగు సంస్కృతిని కాపాడటం’ అని ఉందా, లేక ‘ఫలానా లైబ్రరీలో 24 శనివారాలు, 40 మంది పిల్లలకు, ఇద్దరు ఉపాధ్యాయులతో’ అని ఉందా? ఉత్తరంతో పాటు మీరు నాకు పంపిన నకలులో మొదటిదే ఉంది. సెప్టెంబరులో బడి తెరిచాక ఒక శనివారం తరగతికి ఆయన కార్యాలయ ఉద్యోగిని పిలిచి, వెనుక బెంచీలో ఒక గంట కూర్చోబెట్టండి. డిసెంబరులోగా ఆ లెక్కలతో దరఖాస్తు మళ్లీ రాసి పంపితే, గడువుకు ముందు చూసి చెబుతాను.